పాప ఎత్తు 86... కోటు నంబరు 6111

మీ ఇంట్లో ఏడాదిన్నరదో రెండేళ్లదో పాప ఉందా? గోడకి ఆనించి నిలబెట్టి ఒకసారి ఎత్తు కొలవండి. 86 సెంటీమీటర్లు దాటిందా, లేదా? దాటకపోతే కస్టమ్స్ వాళ్ల లెక్కలో మీ పాప ఇంకా శిశువు. దాటితే బాలిక. పుట్టినరోజు ఎప్పుడో వాళ్లకి అక్కర్లేదు. పళ్లొచ్చాయా, మాటలొచ్చాయా, అంగన్‌వాడీకి పోతోందా... ఇవేవీ అడగరు. ఎత్తెంత? అంతే!

ఎందుకీ కొలత అంటారా? ఓడలో వచ్చిన ఓ బుల్లి ఊలు కోటు మీద ఎంత సుంకం వెయ్యాలో తేల్చడానికి. నిజంగా పిల్లల్ని పిలిచి కొలవరు లెండి. కోటు లోపల కుట్టిన సైజు చీటీ చూస్తారు, అది ఎంత ఎత్తు పిల్లలకి కుట్టిందో లెక్క చూస్తారు. 86 సెంటీమీటర్లలోపు పిల్లలకి అల్లినదైతే దాని నంబరు 6111. ఒక్క అంగుళం పెద్దదైతే ఆ నంబరు పోతుంది. అక్కడి నుంచి అది అబ్బాయిదా అమ్మాయిదా, కోటా స్వెట్టరా, దారం ఏమిటి అని మళ్లీ పంచాయితీ మొదలు.

పోయిన ముక్కోటి రోజుల్లో భద్రాచలంలో గోదావరి గట్టు దగ్గర పిల్లల స్వెట్టర్ల బండి ఒకటి చూశాక ఈ నంబర్ల పుస్తకం తిరగేయాలనిపించింది. తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనానికి వచ్చిన జనం, చంకల్లో చెవులదాకా మంకీ క్యాపులు లాగేసిన పిల్లలు. మే నెలలో కొత్తగూడెం వైపు ఎండ సంగతి రాష్ట్రమంతా చెప్పుకుంటుంది కానీ, డిసెంబరులో ఆ అడవి అంచు చలి కూడా తక్కువది కాదు. బండి మీద ఒకే కుప్పలో మూడు దేశాల సరుకు. లూథియానా స్వెట్టర్లు కొన్ని, బంగ్లాదేశ్ చీటీ ఉన్నవి కొన్ని, చైనా జిప్పు కోట్లు కొన్ని. అమ్మే ఆయనకి అన్నీ ఒకటే, 'ఏదైనా రెండొందల యాభై'. ఆ కుప్ప మీదికి చేరేలోపు ఒక్కోటి ఎన్ని ప్రశ్నలకి జవాబు చెప్పుకుని వచ్చిందో ఆయనకీ పట్టలేదు, కొనేవాళ్లకీ పట్టలేదు.

గుర్రం నుంచి గుండుసూది దాకా

ప్రపంచంలో అమ్ముడుపోయే ప్రతి వస్తువుకీ ఒక నంబరుంది. దేశానికో పేరు, ఊరికో పేరు ఉంటే పన్ను వేసేవాడికి తలనొప్పి కదా! అందుకని బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఓ పెద్ద పట్టిక తయారుచేసింది. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇవాళ 200కి పైగా దేశాలూ ఆర్థిక వ్యవస్థలూ దాన్నే వాడుతున్నాయి. ఒకటో అధ్యాయం ప్రాణమున్న జంతువులు. 97వది కళాఖండాలు, పురాతన వస్తువులు. మధ్యలో ఉప్పు, పప్పు, ఇనుము, విమానం అన్నీ. మొదటి ఆరంకెలు అన్ని దేశాలకీ ఒకటే. ఆ తర్వాత ఎవరి అవసరాన్నిబట్టి వాళ్లు చేర్చుకుంటారు. మన దేశంలో 2003 నుంచి ఎనిమిది అంకెలు. సుంకం రేట్లు 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం షెడ్యూళ్లలో ఉంటాయి.

ఇదంతా ఓడరేవుల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఖమ్మం జిల్లా ఈ నంబర్ల మీద బతుకుతున్న జిల్లా. ఖమ్మం మార్కెట్ యార్డు నుంచి వెళ్లే ఎండుమిర్చిది 0904 21. అదే మిర్చిని మిల్లులో వేసి కారం ఆడిస్తే 0904 22. కోసిన రోజే పచ్చిగా అమ్మితే అసలు ఆ అధ్యాయమే కాదు, కూరగాయల్లోకి పోయి 0709 60 అవుతుంది. ఒక్క చెట్టు కాయకి మూడు నంబర్లు! గ్రానైట్‌దీ అదే కథ. క్వారీలోంచి దిమ్మగా తీస్తే 2516. నున్నగా పాలిష్ పట్టి పలకలు చేస్తే 6802. ఇక భద్రాచలం అడవుల్లో వేసవి రాగానే ఊళ్లకి ఊళ్లు కదిలి కోసే తునికాకు ఉంది చూశారూ... యాభై ఆకుల కట్ట, వెయ్యి కట్టల బస్తా లెక్క అందరికీ తెలిసిందే. ఆ ఆకుకీ ఓ నంబరుంది, 1404 90 10. జీఎస్టీ కూడా ఈ నంబర్ల మీదే నడుస్తుంది. 2025 సెప్టెంబరు 22న తునికాకు మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది ఆ వరుస మీదే.

సరే, మన బుల్లి కోటు దగ్గరికి వద్దాం.

అల్లినదా, నేసినదా?

మొట్టమొదటి ప్రశ్న ఇది. తెలుగులో మనకి రెండు మాటలు వేరుగా ఉండడం మన అదృష్టం. మగ్గం మీద పడుగూ పేకా వేసి నేసింది నేత. ఒకే దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా కలుపుకుంటూ పోయేది అల్లిక. అల్లిన బట్టలకి 61వ అధ్యాయం, నేసిన బట్టలకి 62. ఇందులో ఏముంది, స్వెట్టరు అల్లినది, చొక్కా నేసినది అని చెప్పేస్తారా? మరి టీ షర్టు? అదీ అల్లినదే, మిషను మీద సన్నగా అల్లుతారు కాబట్టి కనపడదు. ఇంకా తమాషా ఏమిటంటే పిల్లలకి తొడిగే మెత్తటి ఫ్లీస్ జాకెట్లు. చూడ్డానికి దుప్పటి ముక్కలా ఉంటుంది. అడుగున భూతద్దం పెడితే ఉచ్చులే కనిపిస్తాయి. పైన దువ్వి నూగు లేపడం వల్ల అలా ఉంటుందంతే. అందుకే ఫ్లీస్ కోటు మామూలుగా 61లోకే వస్తుంది.

రెండో ప్రశ్న ఎత్తు. 86 లోపు అయితే గొడవ చాలామటుకు అక్కడితో సరి. పుస్తకం స్పష్టంగా చెబుతుంది: ఒక బట్ట 6111లోకీ, ఆ అధ్యాయంలోని ఇంకో నంబరులోకీ రెంటికీ సరిపోయేలా ఉంటే 6111దే గెలుపు. కోటయినా, లాగయినా, స్వెట్టరయినా, చేతి తొడుగులయినా ఒకటే గూడు. ఆడపిల్లా మగపిల్లాడా అని కూడా అడగరు. ఈ 86 ఎక్కణ్నుంచి వచ్చిందంటే, యూరప్‌లో పిల్లల బట్టల సైజులు వయసుతో కాదు, ఎత్తుతో లెక్క. 74, 80, 86, 92 అలా పోతాయి. అక్కడ 86 అంటే మామూలుగా రెండేళ్లు నిండబోతున్న బిడ్డ.

గీత దాటిన మరుక్షణం ఆడామగా తేడా మొదలు. అదీ దేన్నిబట్టి? గుండీలు! కోటు ముందు మూసినప్పుడు ఎడమ పక్క గుడ్డ కుడి పక్క మీదికి వస్తే మగపిల్లాడిది. కుడి పక్కది ఎడమ మీదికి వస్తే ఆడపిల్లది. కత్తిరింపు చూస్తే ఫలానా వాళ్లదే అని తెలిసిపోతుంటే ఈ నియమం పక్కన పెడతారు. మరి జిప్పు ఉంటే? రంగూ పసుపే, బొమ్మా ఏనుగే, ఎవరిదో చెప్పలేకపోతే? అప్పుడు దాన్ని ఆడవాళ్లూ ఆడపిల్లల వరుసలో రాయమంటుంది పుస్తకం. ఎవరిదో తేలనిది వాళ్ల నెత్తిన వేయడం మన ఇళ్లలో పనుల విషయంలో చూస్తూనే ఉన్నాం, బ్రస్సెల్స్‌లో కూడా అంతేనన్నమాట.

మూడోది, కోటా స్వెట్టరా? మిగతా బట్టలన్నింటి మీద, ఎండావానా చలీ ఆపడానికి వేసుకునేదైతే కోటు. ఓవర్‌కోటు, అనోరాక్, గాలి ఆపే జాకెట్ ఇవన్నీ మగపిల్లలకైతే 6101, ఆడపిల్లలకైతే 6102. స్వెట్టరు, పుల్లోవరు, కార్డిగన్, చేతుల్లేని ఊలు కోటు ఇవన్నీ 6110. ఇక్కడ మాత్రం ఆడామగా తేడా లేదు. రెంటికీ మధ్య గీత ఎక్కడ అనేదే చిక్కు. ముందు జిప్పు, టోపీ, లోపల లైనింగు, కింద జేబులు ఉన్న మందపాటి అల్లిక... అది కోటా, కార్డిగనా? ఇలాంటి బట్ట ఒక్కటి చేతికి ఇచ్చి నలుగురు పెద్దమనుషుల్ని అడిగి చూడండి. కస్టమ్స్ ఆఫీసుల్లో ఏళ్ల తరబడి తెగని తగాదాలు ఇలాంటి వాటి మీదే.

పలచటి చొక్కాకీ స్వెట్టరుకీ మధ్య అనుమానం వస్తే మాత్రం కళ్లజోడు సవరించుకుని లెక్కపెట్టాల్సిందే. కనీసం పది సెంటీమీటర్ల చదరం తీసుకుని, నిలువునా అడ్డంగా సెంటీమీటరుకి సగటున ఎన్ని కుట్లు పడ్డాయో చూస్తారు. పదికి తగ్గితే అది చొక్కా వరుసలో కూర్చోడానికి వీల్లేదు. అత్తగారు కోడలి అల్లిక పని లెక్కబెట్టినట్టు!

ఆఖరిది దారం. మనం ఊలు స్వెట్టరు అంటాం కానీ బజారులో దొరికే వాటిలో గొర్రె ఊలు ఎంత? ఎక్కువభాగం ఆక్రిలిక్. లూథియానా వాళ్లు క్యాష్‌మిలాన్ అంటారు. కలిపి అల్లితే తూకంలో ఏది ఎక్కువో దానిదే పేరు. నూటికి 51 పాళ్లు ఆక్రిలిక్, 49 పాళ్లు ఊలు అయితే అది సింథటిక్ స్వెట్టరే, గొర్రె ఎంత మొత్తుకున్నా సరే. శిశువుల బట్టల్లో ఒకప్పుడు ఊలుకి సొంతంగా ఒక నంబరు ఉండేది. 2007 సవరణలో అంతర్జాతీయ పట్టికలోంచి దాన్ని తీసేసి 'ఇతరములు'లో కలిపేశారు. చంటిపిల్లలకి అసలు ఊలు తొడిగే రోజులు పోయాయనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

డబ్బు సంగతి

ఇంత తతంగం దేనికంటే, వరుస మారితే రేటు మారుతుంది కాబట్టి. 2018లో మన కేంద్ర ప్రభుత్వం చాలా రకాల దుస్తుల మీద మౌలిక కస్టమ్స్ సుంకాన్ని 10 శాతం నుంచి 20కి పెంచింది. కానీ అన్ని వరుసల్లోనూ ఒట్టి శాతమే ఉండదు. కొన్నింటి పక్కన 'విలువ మీద ఇంత శాతం, లేదా ఒక్కో ముక్కకి ఇన్ని రూపాయలు, ఏది ఎక్కువైతే అది' అని ఉంటుంది. ఈ 'ఏది ఎక్కువైతే అది' అన్న మూడు మాటల దగ్గరే పిల్లల బట్టలు చిక్కుకుంటాయి.

ఊరికే లెక్క కోసం ముక్కకి వంద రూపాయలు అనుకుందాం. రేవులో దిగేసరికి రెండు వేల రూపాయలు పడే పెద్దవాళ్ల స్వెట్టరు ఉంది. 20 శాతం అంటే నాలుగొందలు. అది వందకంటే ఎక్కువ, కాబట్టి నాలుగొందలు కట్టి బయటపడుతుంది. రెండొందలు పడే పిల్లల స్వెట్టరు మీద 20 శాతం నలభై రూపాయలే. కానీ వంద ఎక్కువ కదా, వంద కట్టాలి. అంటే సగానికి సగం! ఖరీదైన దానికి ఐదో వంతు, చవక దానికి రెండో వంతు. అడ్డం పెట్టింది మన మిల్లుల్నీ మన కూలీల్నీ కాపాడడానికే. లూథియానాలో, తిరుప్పూర్‌లో లక్షల మంది ఈ అల్లిక మీదే బతుకుతున్నారు, కాదనం. కానీ బరువు మాత్రం అందరికంటే చిన్న చొక్కా మీద, అందరికంటే చవకది కొనేవాళ్ల మీద పడుతుంది. నాకైతే ఈ పద్ధతి సబబుగా అనిపించదు. శాతం ఎంతైనా పెట్టుకోండి, ముక్క లెక్క పిల్లల బట్టలకి వద్దు.

ఇప్పుడు ఖమ్మం కమాన్ బజారులో ఓ బట్టల షాపాయన ఉన్నాడనుకోండి. హైదరాబాద్ హోల్‌సేలరు దగ్గర కొనడం మాని, నేనే ఓ చిన్న లాటు తెప్పిస్తే నాలుగు రూపాయలు మిగులుతాయి కదా అని ఆలోచించాడు. సరుకు రేవుకొచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చెయ్యాలి. 2011 నుంచి నంబరు ఎంచుకునే పూచీ దిగుమతి చేసుకునేవాడిదే. కస్టమ్స్ అధికారి తర్వాత సరిచూస్తాడు. ఏజెంటు ఏదో నంబరు వేశాడు, ఈయన సంతకం పెట్టాడు. పెట్టెల్లో 86 సైజువీ 92 సైజువీ కలిసి ఉన్నాయి. అన్నిటికీ 6111 అని రాశారు. అధికారి పెట్టె విప్పాడు. 92 వేరు, 86 వేరు! తేడా సుంకం, దాని మీద వడ్డీ. సరుకు బయటికి వెళ్లిపోయాక తెలిసినా రెండేళ్లదాకా నోటీసు ఇవ్వొచ్చు. కావాలని దాచారని తేలితే ఐదేళ్లు, పైగా తేడా ఎంతో జరిమానా అంత. ఈలోగా పెట్టె రేవులో ఉన్నన్ని రోజులూ అద్దె. చలికాలం అయిపోతే ఆ స్వెట్టర్లు ఎవరు కొంటారు? నంబరు తప్పయితే పోయేది సుంకం ఒక్కటే కాదు, ఒక సీజను.

దీనికో మందు ఉంది, చాలామంది చిన్న వ్యాపారులకి తెలియదు. సరుకు తెప్పించకముందే 'నా వస్తువు ఇదీ, దీని నంబరు ఏది?' అని అడగొచ్చు. 2021 జనవరి నుంచి ఢిల్లీలోనూ ముంబయిలోనూ కస్టమ్స్ ముందస్తు నిర్ణయాల అథారిటీలు పనిచేస్తున్నాయి. దరఖాస్తు అందిన మూడు నెలల్లో జవాబివ్వాలని చట్టం. ఆ జవాబుకి అధికారులూ కట్టుబడాలి.

బంగ్లాదేశ్ చీటీ ఉన్న స్వెట్టరుది ఇంకో దారి. 2011లో మన దేశం ఆ దేశపు దుస్తులకి సుంకం లేకుండా తలుపు తీసింది. అక్కడే తయారైందని ధ్రువపత్రం ఉంటే మౌలిక సుంకం సున్నా. అదే నంబరు, అదే గుండీ, అదే దారం, పుట్టిన ఊరు మారితే 20 శాతం మాయం! అయితే 2025 మే నెలలో మన ప్రభుత్వం బంగ్లాదేశ్ రెడీమేడ్ బట్టలు భూమార్గాన రావడానికి వీల్లేదని, నవషేవా, కోల్‌కతా రేవుల నుంచే రావాలని ఆంక్ష పెట్టింది. లారీలో వచ్చే స్వెట్టరు ఓడ ఎక్కింది.

వస్తువు పేరు మీద కోర్టుకెక్కడం ఒక్క కోట్లకే పరిమితం కాదు. చిన్న సీసా కొబ్బరినూనె వంటనూనా, తలనూనా అన్న తగాదా మన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తలనూనె అని చీటీ వేసి అమ్మితే తప్ప వంటనూనే అని 2024 డిసెంబరులో తీర్పొచ్చింది. అమెరికాలో 2003లో ఓ బొమ్మల కంపెనీ, మా ఎక్స్‌మెన్ బొమ్మలు మనుషుల బొమ్మలు కావు మొర్రో అని వాదించి గెలిచింది. మనిషి బొమ్మకి 12 శాతం, మిగతా ఆటబొమ్మలకి 6.8 శాతం మరి! అదే దేశంలో కొలంబియా స్పోర్ట్స్‌వేర్ వాళ్లు ఆడవాళ్ల చొక్కాలకి నడుము కింద బుల్లి జేబు కుట్టేవారు. అందులో పెట్టుకునేది పెద్దగా ఏమీ ఉండదు. నడుము కింద జేబు ఉంటే చొక్కా వరుస మారిపోయి సుంకం తగ్గుతుంది, అదీ రహస్యం. అక్కడ ఉన్న మన పిల్లలు మనవలకి కొనే స్వెట్టరు సంగతీ ఇంతే. నూలుదైతే మామూలు సుంకం 16.5 శాతం, సింథటిక్‌దైతే 32 శాతం. 2025లో మన సరుకు మీద దీనికి తోడు అదనపు సుంకాలు కూడా వచ్చి పడ్డాయి.

ఏటికి అటు ఒక రేటు, ఇటు ఒక రేటు

సుంకం, సరిహద్దు అంటే ఎక్కడో ముంబయి, చెన్నై అనుకుంటాం కానీ భద్రాచలానికి ఇది పాత పరిచయం. ఖజానా సొమ్ము లెక్క తేలక తహసీల్దారు కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాల పాలైన కథ ఈ ఊరిదే కదా! ఆ తర్వాత కాలంలో గోదావరే సరిహద్దయింది. 1860లో నిజాం ప్రభుత్వానికీ బ్రిటిష్ వాళ్లకీ కుదిరిన ఒప్పందంలో ఎడమ గట్టు బ్రిటిష్ చేతికి పోయింది. భద్రాచలం మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, 1874 నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో. ఎదురు గట్టున బూర్గంపాడు, పాల్వంచ నిజాం రాజ్యం. నిజాంకి సొంత కస్టమ్స్ శాఖ ఉండేది. కరోడ్‌గిరి అనేవారు. పెద్దల నోట కరోడ్‌గిరి నాకా అన్న మాట విన్నవాళ్లు ఇప్పటికీ ఉంటారు. సరుకు విలువలో నూటికి ఐదు. ఆ రేటు 1802 నాటి వ్యాపార ఒప్పందం నుంచీ వస్తున్నదే. నది మీద పడవల్లో పోయే సరుకుకి మాత్రం సుంకం ఉండకూడదని 1860 ఒప్పందంలో రాసుకున్నారు. అంటే నీళ్ల మీద ఉన్నంతసేపూ పన్ను లేదు, కుడి గట్టున దింపితే పన్ను!

హైదరాబాద్ విలీనమయ్యాక కరోడ్‌గిరి పోయింది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 1965లో వంతెన వచ్చింది. సరిహద్దు కథ ముగిసింది అనుకుంటుండగా 2014లో మళ్లీ మొదలు. పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. రామాలయం ఉన్న ఊరు తెలంగాణలో ఉండిపోయింది. ఊరు దాటితే ఏటపాక, అది వేరే రాష్ట్రం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా, మూడేళ్లపాటు ఓ షాపు నుంచి పక్క ఊరి షాపుకి సరుకు పంపాలన్నా రెండు రాష్ట్రాల పన్ను లెక్కే. ఇప్పుడు ఆ బాధ లేదు. రెండున్నర వేల రూపాయలలోపు బట్ట మీద 5 శాతం, ఆపైన 18 శాతం అన్నది 2025 సెప్టెంబరు 22 నుంచి రెండు పక్కలా ఒకటే. అడవి చెక్‌పోస్టులు మాత్రం ఉన్నాయి, కలపకీ అడవి సరుకుకీ. స్వెట్టరు జోలికి వాళ్లు రారు.

ఆ బండి మీద ఇంకో కుప్ప కూడా ఉంది, వాడేసిన కోట్లు. వీటి కథ విచిత్రం. ఒకరు తొడిగి పాతబడినట్టు తెలుస్తూ, మూటలుగా కట్టి వచ్చిన బట్ట 6309లోకి పోతుంది. ఇక అక్కడ శిశువూ లేడు, బాలికా లేదు, ఊలూ లేదు, గుండీ ఎటు పక్కదో అడిగేవాడూ లేడు. ఇన్ని ప్రశ్నలు అడిగిన పుస్తకమే నోరు మూసుకుంటుంది. వీటిని ఇష్టం వచ్చినట్టు తెప్పించుకోడానికి మన దేశంలో వీల్లేదు, లైసెన్సు కావాలి. తొడగడానికి పనికిరాకుండా కత్తిరించేసినవైతే గుడ్డపేలికల లెక్క, 6310. అవి పానిపట్ చేరి, రంగులవారీగా ఏరి, పీచు లాగి, మళ్లీ వడికి దుప్పట్లవుతాయి. వరదలప్పుడు పంచే చవక రకం దుప్పట్లు చాలావరకు ఈ బాపతే. గోదావరి పొంగిన ఏడాది పునరావాస కేంద్రంలో ఓ పాప కప్పుకున్న దుప్పట్లో ఏ దేశపు పిల్లాడి స్వెట్టరు పోగు ఉందో!

అంగన్‌వాడీ గోడ మీద 86

పుస్తకం తిరగేస్తున్నప్పుడు నన్ను ఆపేసింది మాత్రం ఆ మొదటి అంకే. 86 సెంటీమీటర్లలోపు ఉంటే శిశువు. యూరప్ దర్జీల కొలత అది. రెండేళ్లు నిండబోయే బిడ్డ అని వాళ్ల ఉద్దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టిక కూడా ఇంచుమించు అదే చెబుతుంది. మూడేళ్లు నిండిన ఆడపిల్ల సగటున 95.1 సెంటీమీటర్లు ఉండాలి, మగపిల్లాడు 96.1. ఆడపిల్ల 87.4కి, మగపిల్లాడు 88.7కి తగ్గితే ఎదుగుదల గిడసబారినట్టు. ఆడపిల్ల 83.6కి, పిల్లాడు 85కి తగ్గితే బాగా గిడసబారినట్టు.

ఆ రెండు అంకెల్నీ 86 పక్కన పెట్టి చూడండి. బాగా గిడసబారిన మూడేళ్ల బిడ్డ కస్టమ్స్ పుస్తకంలో ఇంకా శిశువే. ఆ బిడ్డకి సరిపోయే కోటు నంబరు 6111. నడుస్తుంది, మాట్లాడుతుంది, చెల్లెల్ని ఎత్తుకోబోతుంది కూడా. కోటు మాత్రం చంటిపిల్లలది.

ఇది ఎక్కడో ఒకరిద్దరి సంగతా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు 2015-16 సర్వేలో ఇది 28 శాతమే. అంటే పెరిగింది. దేశం మొత్తానికి 35.5. భద్రాద్రి కొత్తగూడెం, కేంద్రం వెనుకబడినవిగా గుర్తించి ఆకాంక్షాత్మక జిల్లాలు అని పేరు పెట్టిన జాబితాలో ఉంది. అడవి లోపలి గూడేల్లో, ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చి చెట్ల మధ్య గుడిసెలు వేసుకున్న గొత్తికోయల పిల్లల్లో పరిస్థితి పట్నం పిల్లల కంటే మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కడిది? తిండి, నీళ్లు, తల్లి ఆరోగ్యం, తరచూ వచ్చే జ్వరాలూ విరేచనాలూ... ఎత్తు వీటన్నిటి మొత్తం.

అంగన్‌వాడీ టీచర్లు పిల్లల బరువుతో పాటు ఎత్తు కూడా కొలిచి రాస్తారు. ఓ గూడెంలో కొలత పట్టీ అంటించిన గోడ చూశాను. 86 దగ్గర ప్రత్యేకమైన గుర్తేమీ లేదు, ఎందుకుంటుంది? టీచరమ్మ మాత్రం ఓ మాట చెప్పింది. ఎవరో దాతలు చలికాలంలో స్వెట్టర్లు పంచుదామని వచ్చి, వయసులు రాసుకుపోయారట. మూడేళ్లు, నాలుగేళ్లు అని చీటీ ఉన్నవి తెచ్చారు. చాలామందికి చేతులు వేళ్ల కింద దాకా వేలాడాయి. 'మళ్లీ ఏడాదికి సరిపోతాయిలే అని ఇచ్చేశాం సారూ, అప్పటికీ కొందరికి వదులే' అంది.

కాబట్టి ఈ చలికాలం ఎవరైనా ఏజెన్సీ పిల్లలకి స్వెట్టర్లు కొనే ఆలోచనలో ఉంటే వయసులు అడక్కండి. టీచరు దగ్గర ఎత్తుల పుస్తకం ఉంటుంది, అది చూసి సెంటీమీటర్లు రాసుకోండి. చీటీ మీద 80, 86, 92 అని ఉన్న సైజులు ఆ ఎత్తులే. ఒక సైజు పెద్దది తీసుకుంటే చాలు, రెండు వద్దు. జిప్పు కంటే గుండీలున్నవి మేలు, ఊడితే అమ్మ కుట్టేస్తుంది. గుండీ ఎటు పక్కదైనా ఫరవాలేదు.